పెట్టెలో వచ్చిన చొక్కాలు

బొగ్గురైళ్ల కాలంలో మా వీధి మొదట్లో ఇస్త్రీ అక్క ఉండేది. మొగుడు పోయాక, వీధిలోని బట్టలన్నీ ఇస్త్రీ చేసి తమ్ముణ్ణి పెంచింది. వాడు ఎక్కడో దూరాన నూలుమిల్లులో పనికి కుదిరితే, ఆ మిల్లు తనే కట్టించినంత గొప్పగా చెప్పుకుంది. ఒకరోజు మిల్లు నుంచి వాడి రేకుపెట్టె వచ్చింది. విషజ్వరంతో పోయాడట, అక్కడే పూడ్చేశారట. అంతే కబురు.

అక్క ఏడవలేదు. పెట్టెలోని రెండు చొక్కాలూ బల్ల మీద పరిచి, మెడపట్టీ తడిమి చూసింది.

“ఇవి మావాడివి కావు. వాడి సన్నటి పీక్కి ఇంత పట్టీ ఎందుకు? పోయినవాడు ఇంకెవడో!” అంది.

మేమెవరమూ ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఆవిడ ఆడపడుచు ఒక్కతే. ఆవిణ్ణి అందరం వకీలమ్మ అనేవాళ్లం. పాలవాణ్ణి కూడా బోనెక్కించినట్టు నిలదీసేది. మా ఇళ్లలో పోయిన గిన్నెలెన్నో ఆవిడ నోటికి జడిసే తిరిగొచ్చాయి.

“ఇంట్లో కూచుంటే తేలదే. పద, వెళ్లి తేల్చుకుందాం,” అంది. ఇద్దరూ రైలెక్కారు. ఆ తర్వాతదంతా వకీలమ్మ మాకు చెప్పిందే.

మిల్లు గేటు దగ్గర కాపలావాడు అదృష్టం కొద్దీ మన భాషవాడే.

“శవాన్ని నువ్వు చూశావా?” అని మొదలుపెట్టింది వకీలమ్మ.

“మోసుకెళ్తుంటే చూశానమ్మా.”

“మొహం చూశావా?”

“గుడ్డ చుట్టేశారుగా, జ్వరం అంటుకుంటుందని.”

“మరి వాడేనని నీకెలా తెలుసు?”

కాపలావాడు వాళ్లని గుమాస్తా దగ్గరికి తీసుకెళ్లాడు. గుమాస్తానీ, గొయ్యి తవ్వినవాణ్ణీ అతని చేత అడిగించినా అదే తంతు. మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ సాయంత్రం సత్రంలో ఇస్త్రీ అక్క చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

“దొరకనీ వెధవని, చెవులు మెలేసి లాక్కెళ్తాను!” అని నవ్వింది కూడా. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దేవుడు అంత ఆశ పెట్టి ఆడుకోవడం దేనికి?

మర్నాడు వాడుండే గది వెతికి పట్టుకున్నారు. మేడ మీద ఇరుకు గది, ఒకటే మంచం, గోడకి ఒకటే మేకు. మంచం మీద బలిసిన మెడవాడొకడు నిద్రపోతున్నాడు. ఒంటిమీద చొక్కాకి పైగుండీ పట్టలేదు. జేబు దగ్గర అతుకు వేసింది ఇస్త్రీ అక్కే.

“ఈ చొక్కా నీకెక్కడిది? వాడెక్కడ?” వకీలమ్మ గద్దించింది.

అతను ఉలిక్కిపడి లేచాడు. అక్కని చూసి, ఎవరో పోల్చుకుని, తల దించుకుని మన భాషలోనే చెప్పాడు.

“మా ఇద్దరికీ ఒకటే మంచం అమ్మా. వాడు పగలు పనికెళ్తే నేను పడుకునేవాణ్ణి, నేను రాత్రి వెళ్తే వాడు. పెట్టె కూడా ఒకటే. ఏది చేతికందితే అది తొడుక్కునేవాళ్లం. ఆ రోజు ఇది నా ఒంటిమీదుంది. వాడి రెండోది వాడితోనే పోయింది. పెట్టెలో మిగిలినవి నావి. మిల్లువాళ్లు అవే పంపేశారు.”

“నువ్వు... మొహం చూశావా?” అంది వకీలమ్మ, ఈసారి మెల్లగా.

“నా ఒళ్లోనే పోయాడమ్మా. ఆఖరికి నోట్లో నీళ్లు పోసింది నేనే.”

ఇస్త్రీ అక్క ఆడపడుచు చెయ్యి పట్టుకుని కుదిపింది.

“ఆగిపోయావేం వదినా? అడుగు. ఇంకోటి అడుగు. ఏదో ఒకటి అడుగు వదినా!”

“అడగడానికి ఇంకేం లేదే,” అంది వకీలమ్మ.