గొంతు లేని ఫైనల్ లెసన్

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, జనవరి నెలలో, నన్ను నారాయణఖేడ్‌కు టీచింగ్ ప్రాక్టీస్ పర్యవేక్షకుడిగా వేశారు. వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ తీసుకునేవాళ్ళు చివర్లో కొన్ని వారాలు ఏదో ఒక సర్కారు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాలి. ఆఖరి రోజు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి ఒక పాఠం చూసి మార్కులు వేస్తాడు. దాన్నే మేము ఫైనల్ లెసన్ అంటాం. అది పోతే మిగతా అన్నింట్లో గట్టెక్కినా ఏడాది పోయినట్టే.

డ్రిల్లు సారంటే పిల్లల మధ్యకు బంతి విసిరేసి నీడలో కుర్చీ వేసుకునేవాడని చాలామంది నమ్మకం. అలాంటివాళ్ళు లేరని నేననను, ఒకరిద్దరికి నేనే శిక్షణ ఇచ్చాను. కానీ అరవై మంది పిల్లల్ని ఒక్క మాటతో ఒకేసారి కదిలించడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. 'సావధాన్' అనే ఆజ్ఞనే తీసుకోండి. అందులో రెండు ముక్కలుంటాయి. మొదటి ముక్కను సాగదీసి హెచ్చరించాలి, రెండోదాన్ని పుటుక్కున తెంచాలి. నడుమ కాస్త ఆగాలి. పిల్లలు సిద్ధపడేది ఆ ఆగినప్పుడే. మా విద్యలో సగం అక్కడే ఉందని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి. వాళ్ళు తలూపి, మైదానంలోకి వెళ్ళి గొంతు చించుకునేవాళ్ళు.

మాకిచ్చిన ఆడపిల్లల బడి మైదానానికి, బస్సు డిపోకు నడుమ ఒకటే గోడ. ఇంజన్ల రొద, హారన్లు, ఇక వారపు అంగడి రోజైతే ఆటోల గోల కూడా. ముందు వరసకు వినబడిన మాట వెనక వరసకు చేరదు. మా కుర్రాళ్ళు డిపోతో పోటీపడి అరిచి ఓడిపోతుంటే, అనిత అనే ట్రైనీ మాత్రం అరవడం మానేసింది. కంగ్టి దగ్గరి పల్లె ఆమెది. ఆజ్ఞను మామూలు గొంతుతోనే పలికేది గానీ, ముందు పిల్లల కళ్ళన్నీ తనమీద నిలిచేదాకా ఊరుకునేది. ఎదురుగా నిలబడి చూపించేటప్పుడు పిల్లల కుడిచేతికి తన ఎడమచేయి ఎత్తాలి, అద్దంలో మాదిరి. ఎంత చెప్పినా చాలామంది అక్కడ తడబడతారు. ఆమె ఒక్కసారి కూడా తడబడలేదు.

ఫైనల్ లెసన్ ముందురోజు ఆమె గొంతు పూర్తిగా పోయింది. దవాఖానకు తీసుకుపోతే, వాపు ఉంది, మాట్లాడితే ఇంకా చెడుతుందని డాక్టర్ గట్టిగా చెప్పాడు. అనిత అమ్మానాన్నలు ఏటా చెరుకు నరకడానికి వలస పోతారు. ఈ ఏడు తప్పితే తనకూ కొడవలే గతి అని ఆమె అంతకుముందే నాకు చెప్పి ఉంది.

పొద్దున ఎగ్జామినర్ దిగాడు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్, పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. సంగతి చెప్పి ఇంకో రోజు ఇవ్వమని అడిగాను. తనకు ఆ ఒక్క రోజే డ్యూటీ అన్నాడు. పోనీ, ఆజ్ఞలు తోటి ట్రైనీ ఇస్తే ఒప్పుకుంటారా అన్నాను.

"ఆమె లెసన్ ఆమెనే చెప్పాలె. గొంతు లేనిది కమాండ్ ఎట్లిస్తదయ్యా?" అన్నాడు.

నేను ఏదో అనబోయేంతలో అనిత నా ముందు ఫోను పట్టింది. 'నేనే చేస్త సార్' అని టైపు చేసి ఉంది.

ఆ రోజు అంగడి కూడా. డిపో గోడ అవతల గోలగోలగా ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు వరసల్లో నిలబడ్డారు. అనిత వాళ్ళకెదురుగా నిలబడి ఊరుకుంది. ముందు వరస పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా అందరి చూపులూ ఆమె మీద నిలిచాయి. ఆమె భుజాలు కాస్త లేచాయి, ఆగాయి, దిగాయి. మడమలన్నీ ఒక్క దెబ్బన కలిశాయి.

ఎన్నో బళ్ళలో ఎన్నో పాఠాలు చూశాను గానీ అలాంటిది చూడలేదు. చేతుల కసరత్తు మొదలైంది. లెక్క చెప్పేవాళ్ళు లేరు, విజిల్ లేదు. అరవై జతల చేతులు లేస్తున్నాయి, చాచుకుంటున్నాయి, దిగుతున్నాయి. వెనక వరస కూడా ముందు వరసతో పాటే కదులుతోంది.

ఈ ఎగ్జామినర్‌కు ఒక అలవాటుందని మా వాళ్ళందరికీ తెలుసు. పాఠం నడుమ చప్పుడు చేయకుండా పిల్లల వెనక్కి వెళ్ళి తానే ఒక ఆజ్ఞ అరుస్తాడు. తరగతి ఎవరి మాట వింటుందో చూడడానికి. ఆ గొంతుకు అందరూ కదిలిపోతారు. క్లాసు కంట్రోల్ కింద ఉన్న మార్కులు పోతాయి. అతను వెనక్కి నడవడం చూసి, అయిపోయింది ఈ పిల్ల పని అనుకున్నాను.

పిల్లల చేతులు పైకెత్తి ఉన్నాయి. అతను "విశ్రామ్" అని అరిచాడు. డిపో హారన్లను మించి వినబడింది. ఒక్క చేయీ దిగలేదు. ఒక్క తలా తిరగలేదు. అనిత కూడా చేతులెత్తి అలాగే ఉంది. అతను మళ్ళీ అరిచాడు. చేతులు వణకడం మొదలుపెట్టాయి గానీ దిగలేదు. అప్పుడు ఆమె భుజాలు దిగాయి. అరవై మంది చేతులూ ఆమెతో పాటే దిగాయి.

పాఠం అయ్యాక ఎగ్జామినర్ వెనక వరసలో ఒక పిల్లను పిలిచాడు. తాను అరిస్తే ఎందుకు కదలలేదని అడిగాడు. ఆ పిల్ల బెదరలేదు.

"మీరు అర్సిండ్రు సర్. గని మా మేడం ఊపిరి ఇడ్వలే," అంది.

అతను అర్థం కానట్టు చూశాడు.

"మేడం ఊపిరి దీస్కుంటే భుజాలు లేస్తయ్ సర్. మేం గూడ దీస్కుంటం. ఆమె ఇడిస్తే మేం ఇడుస్తం. గీ బస్సుల లొల్లిల మాటేం ఇనబడ్తది?"

అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, తన సర్వీసులో ఆ అరుపుకు నిలిచిన క్లాసు ఇదొక్కటేనని నాతో అన్నాడు. గొంతు కింద మాత్రం సున్నా వేశాడు. నియమం అది, నేనూ కాదనలేదు. మిగతా అన్నింటి కింద నిండుగా వేశాడు. అనిత పాసైంది. ఇప్పుడు కల్హేర్ వైపు ఒక బడిలో పీఈటీగా పనిచేస్తోంది.

రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచ్‌కూ ఒక రోజు విజిళ్ళు తీసుకుని, నోరు మూయించి మైదానంలోకి పంపాను. ఎక్కువమంది క్లాసులు చెదిరిపోయేవి. ఏ వరస ముందు చెదిరిందో, ఆ సమయంలో వాళ్ళు ఎటు చూస్తున్నారో గమనించినవాళ్ళు బాగుపడ్డారు. ఆజ్ఞ ఇచ్చేవాడు ముందు తాను ఊపిరి తీసుకోవాలి, పిల్లలు తీసుకునేదాకా ఆగాలి. నడుమ ఆగాలని నేను ఏళ్ళ తరబడి నోటితో చెప్పిన పాఠమే ఇది. జరగడం చూసింది మాత్రం నారాయణఖేడ్‌లో, మాట లేని పిల్ల దగ్గర.