తాడు లేని గంట

నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా ఊరికే నవ్వితే ఏం అడగబోతున్నారా అని చూస్తాను. ఏమీ అడగకుండా వెళ్లిపోతే ఇంకా అనుమానం. ఈ గుణం మా అమ్మ నుంచి వచ్చింది. ఆవిడ ముందు నేను పసిపిల్లని.

మాది రేపల్లె దగ్గర కాలవ పక్కన ఒక పేట. కల్వర్టు దాటితే ఊరు. కొన్నేళ్ల కిందట ఊరివాళ్ల ఊరేగింపు ఒకటి మా చర్చి ముందు ఆగింది. డీజే మోత తగ్గించమని మావాళ్లు, తగ్గించేది లేదని వాళ్లు. మాటా మాటా పెరిగి రాళ్లు లేచాయి. ఎవరో పరుగెత్తి చర్చి గంట ఆపకుండా గణగణా కొట్టారు. అది విని మా మగవాళ్లు కర్రలు పట్టుకుని బయటికొచ్చారు. పొద్దుగూకేసరికి పేటలో తాటాకు ఇళ్లు కాలిపోయాయి, ఊళ్లో ఒకతని కన్ను పోయింది. కేసులు రెండువైపులా పడ్డాయి.

తర్వాత అన్నీ వచ్చాయి. తాటాకు పోయి స్లాబు ఇళ్లు, సిమెంటు రోడ్డు, కుళాయిలు. అధికారులు శాంతి కమిటీ వేసి, అందరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి, కూల్ డ్రింకులు ఇచ్చారు. నా పక్కన ఊరి పెద్ద నిలబడ్డాడు. ఆయన తాగాక తాగుదామని నేను ఆగాను. నేను తాగాక తాగుదామని ఆయనా ఆగినట్టున్నాడు. చివరికి రెండు గ్లాసులూ అలాగే బల్ల మీద ఉండిపోయాయి. గొడవకి ముందు నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి, ఆ రోజు నుంచి ‘చెల్లెమ్మా’ అంటున్నాడు. ఆ పిలుపు మీదా నాకు అనుమానమే.

ఆ కమిటీలో ఆయన అడిగింది ఒకటే. “గంట మోగితే మా ఆడవాళ్లకి గుండెలు ఝల్లుమంటున్నాయండీ. కొన్నాళ్లు ఆపండి” అన్నాడు. మావాళ్లు ఒప్పుకుని గంటకున్న తాడు విప్పేశారు. ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. ఆదివారం ఆరాధనకి ఫోన్లలో మెసేజీలు పెట్టుకుంటున్నాం.

ఈ ఊరి పెద్ద వాళ్ల అమ్మగారి పొలంలోనే మా అమ్మ జీవితమంతా నాట్లు వేసింది. నాట్లేసే ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుపోయేది మా అమ్మే. అమ్మ బురదలో, ఆవిడ గొడుగేసుకుని గట్టు మీద. ఆవిడ ‘ఒసే’ అంటుంది, మా అమ్మ ‘అమ్మగారూ’ అంటుంది. ఆ పిలుపులు నాకు గిట్టవు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. మా నాన్న పోయినప్పుడు గంట విని అందరికంటే ముందు కల్వర్టు దాటి వచ్చింది ఆవిడే. మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. గొడవ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ పని అడగలేదు, ఆవిడ కబురు పెట్టలేదు.

మొన్న వేసవిలో అమ్మకి బాగా జబ్బు చేసింది. తెనాలి ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్లి కావలసినవి పెట్టమన్నారు. ఇంటికొచ్చిన పూటే అమ్మ మొదలుపెట్టింది.

“గంట కొట్టించవే.”

“అదేం మాటమ్మా? అప్పటి సంగతి అప్పుడు చూద్దాం.”

“అప్పుడు మీరు కొట్టారో లేదో నాకెట్టా తెలుస్తుంది? ఆదివారం గంటే కొట్టించు. మోగిందని చెవులారా వింటే, నా చావుకీ మోగుతుందని నమ్మకంగా పోతా.”

కన్నకూతురి మీద కూడా అంత అనుమానం. రోజూ అదే పోరు. కంచం తోసేసి అటు తిరిగి పడుకునేది. ఆవిడ కడసారి కోరిక తీరకుండా పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా ఊరి పెద్ద ఇంటికి వెళ్లాను. ఏవేవో వాదనలు సిద్ధం చేసుకున్నాను. ఆయన నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు.

“దానికేముంది చెల్లెమ్మా, కొట్టుకోండి. ఊళ్లోవాళ్లకి నేను చెప్తాలే.”

ఏళ్ల తరబడి ఆపించినవాడు ఒక్క మాటకి ఒప్పుకున్నాడంటే ఏదో ఉంది. మేం గంట కొట్టగానే ఫోన్లలో వీడియో తీసి, ఒప్పందం తప్పామని పోలీసుల దగ్గరికి పోతారా? ఇంటికెళ్లి తమ్ముడికి ఇదే చెప్పాను. చర్చి పెద్దలు కూడా చేరి తర్జనభర్జన పడ్డారు. చివరికి తమ్ముడు ఒక దారి చెప్పాడు.

“గణగణా కొడితే ఆ రోజు గుర్తొచ్చి జనం హడలిపోతారక్కా. మెల్లగా, ఒక్కో దెబ్బా ఆగి ఆగి కొడదాం.”

అందరూ తలూపారు. నేనూ ఊపాను. లోకం మీద ఇన్ని అనుమానాలున్న దాన్ని, ఆ ఒక్క అనుమానం మాత్రం నాకు రాలేదు.

ఆదివారం పొద్దున తమ్ముడు కొత్త నైలాను తాడు కట్టాడు. అమ్మ వసారాలో మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. నేను గేటు దగ్గర నిలబడి కల్వర్టు మీదే కళ్లు పెట్టాను. గంట మోగింది. ఒక దెబ్బ. ఆగింది. మళ్లీ ఒక దెబ్బ. అమ్మ కళ్లు మూసుకుంది.

కాసేపటికి కల్వర్టు అవతల టీ కొట్టు షట్టరు దిగింది. చూశావా, అనుకున్నాను. తర్వాత జనం కనపడ్డారు. ముందు ఊరి పెద్ద, వెనకాల మగవాళ్లు, వాళ్ల వెనకాల ఆడవాళ్లు. గబగబా కల్వర్టు దిగి పేటలోకే వస్తున్నారు. ఫోను చేతిలోకి తీసుకుని వాళ్ల చేతులే చూశాను. కర్రలు లేవు. ఊరి పెద్ద చేతిలో మాత్రం ఒక క్యారీబ్యాగు ఉంది, బరువుగా. అందులో ఏముందోనని నా ప్రాణాలు అక్కడే ఉన్నాయి.

బంతిపూల దండ.

ఇంతలో వాళ్లని తోసుకుంటూ ముసలావిడ, మా అమ్మ ‘అమ్మగారు’, బావురుమంటూ గేట్లోకి వచ్చింది. వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మా అమ్మని చూసి నోరు తెరిచింది.

“ఒసే, బతికే ఉన్నావటే!”

“నేను పోయానని ఎవరు చెప్పారండీ?”

“మీ గంట చెప్పిందే!”

అప్పుడు వెలిగింది నాకు. మా పేటలో ఒక్కో దెబ్బా ఆగి ఆగి కొట్టేది చావుకే. ఏళ్ల తరబడి గంట వినక ఆ సంగతే మరిచిపోయాం. ఎవరూ భయపడకూడదని చూసుకుని చూసుకుని, మా అమ్మకి మేమే చావు గంట కొట్టాం. ఆవిడ జబ్బు సంగతి ఊరందరికీ తెలుసు. టీ కొట్టు మూసింది భయంతో కాదు, చావు కబురని. ఊరి పెద్ద ఆ దండ ఎక్కడ దాచాలో తెలియక తిప్పలు పడుతున్నాడు.

“తెచ్చారుగా, అక్కడ పెట్టండి బాబూ” అంది అమ్మ. “వాడిపోయేలోగా పోవడానికి చూస్తాలే.”

మొదట ఊరివాళ్లు నవ్వారు, తర్వాత మావాళ్లు. ముసలావిడ మంచం మీద అమ్మ పక్కన కూలబడింది. అంతకుముందు ఆవిడ ఎన్నడూ మా మంచం మీద కూర్చోలేదు.

“గంట ఆపించావు, పేటలో అది పోతే నాకెట్టా తెలుస్తుందిరా అని వీణ్ణి రోజూ తిడతానే ఉన్నా” అంది కొడుకుని చూపిస్తూ.

ఆయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. వాళ్లు వెళ్లాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. “ఎవరెవరు రాలేదో చూశావటే?” అని అడిగింది.

అనుకున్నదొకటి, అయ్యిందొకటి. మా అమ్మ లేచి తిరిగింది. వానలు పడి నాట్లు మొదలయ్యాక ముసలావిడే పోయింది. కబురు తెలిసి అమ్మ వసారాలోకొచ్చి కూర్చుంది. తర్వాత గంట కొట్టమంది.

“వాళ్లు హిందువులు కదమ్మా. మన చర్చి గంట కొడితే ఏమనుకుంటారో.”

“నా గంటకి ఆవిడ వచ్చిందిగా. ఆవిడకెవరు కొడతారు మరి?”

తమ్ముడు కొట్టడం మొదలుపెట్టాడు, ఒక్కో దెబ్బా. నేను మళ్లీ గేటు దగ్గరే. కాసేపటికి ఊరి పెద్ద ఒక్కడే, భుజాన తుండుతో, కల్వర్టు దిగి నడిచొచ్చాడు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఇక్కడికెందుకు వచ్చినట్టు? దెబ్బలాటే అనుకున్నాను.

“గంట కొట్టమన్నదెవరు చెల్లెమ్మా?”

“మా అమ్మండీ” అన్నాను, మాటకి మాట చెప్పడానికి సిద్ధపడి.

ఆయన వసారాలో ఏడుస్తున్న మా అమ్మ వైపు చూశాడు.

“పడమటి చేలల్లో నాట్లేసేవాళ్లకి ఇంకా వినపడినట్టు లేదు. ఇంకాసేపు కొట్టించండి” అని వెనక్కి తిరిగాడు.

ఆయన కల్వర్టు ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన చేతుల్లో ఏముందో నేను చూడనే లేదని.