గోడవైపు తిప్పిన బొమ్మలు

ఆస్ట్రేలియా ఎడారి మధ్య మా ఊరి బొమ్మల కేంద్రంలో తన బొమ్మలు వేసుకోవడమే కాక, కుంచెలు కడగడం, కాన్వాసులు బిగించడం డల్సీ నకమారా పని. ఎవరైనా పోతే వాళ్ళ బొమ్మలను గోడవైపు తిప్పడమూ ఆమె పనే. దుఃఖం తీరేదాకా పోయినవాళ్ళ పేరెత్తకూడదు, వాళ్ళ చేతిపని చూడకూడదు, అది మా ఆచారం.

వెనకగదిలో ఒక మూలను మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "అది నేను పోయాక నా బొమ్మలకి. అక్కడేమైనా పెట్టారో, చేతులు విరగ్గొడతా!" అని కసిరేది.

డయాలసిస్ కోసం ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి వెళ్ళిన ఆమె మనవరాలు మొన్న అక్కడే చనిపోయింది. ఆ పిల్ల మా తీరులో చుక్కలతో వేస్తూ సగంలో వదిలిన బొమ్మను డల్సీయే మోసుకొచ్చి, ఆ మూలలో గోడవైపు తిప్పి పెట్టింది.

"ఇదెవరిది పెద్దమ్మా?" అన్నాడు కొత్త మేనేజరు.

"పేరడక్కు అబ్బాయ్," అంది డల్సీ. "నా చోటు లాగేసుకుంది, దొంగపిల్ల."