జలీల్ ఇవాళ కూడా చివరే

దొన్‌మానిక్ సాధించిన మొదటి ఘనత, పగడపు దిబ్బ మీద ఏళ్ల తరబడి ఎండలో మాడి, ఒక డాల్ఫిన్‌ని చూసి "ఇది నిన్నటిదే" అని గుర్తుపట్టడం. వీపురెక్క మీద గాటు చూసి పోల్చాడు. దానికి మా దీవి పెద్ద పేరు పెట్టాడు. ఆ పిచ్చి ముదిరి, మా దీవిలో ఊపిరున్న ప్రతివాడి పేరూ ఒక డాల్ఫిన్‌కి అంటించాడు.

డాల్ఫిన్ల గుంపు బయటి సముద్రంలో మేసి, పొద్దున్నే కాలువ దాటి దిబ్బ లోపలి నీళ్లలోకి నిద్రకొస్తుంది. దొన్‌మానిక్ హాజరు చూస్తాడు. తెడ్డు వేసేది నేను, అలీఫుళుని. మసీదు పంతులు దగ్గర ఖురానూ కూడికలూ నేర్చి, ఈ చేతులతో పదకొండు దోనీలు కట్టినవాణ్ణి. ఒక్కటీ మునగలేదు.

సాయంత్రం దొన్‌మానిక్ వీధిలో ఆ వార్తలు చదివేవాడు.

"వదినా, నీ తమ్ముడు ఇవాళ గాలిలో ఆరు మెలికలు తిరిగాడు!"

"వాడా? మంచం మీంచే లేవడు!"

"అలీఫుళు మాత్రం ఒట్టి బద్ధకం. అందరూ వెళ్లాక కదిలాడు."

"నీ పక్కనే తెడ్డు వేస్తున్నాను కదయ్యా!"

"అయినా బద్ధకమే."

చచ్చినవాళ్ల పేరు మాత్రం ఉంచడు. మనిషి పోయిన రోజే అది తీసేసి, కొత్తగా పుట్టిన బిడ్డ పేరు పెడతాడు. చూడని డాల్ఫిన్‌ని చూశానంటే దోనీలోంచి దింపేస్తాడు. నన్నొకసారి ఒడ్డుదాకా ఈదించాడు.

నైరుతి గాలుల్లో జలీల్ చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ దోనీ నేను కట్టింది కాదు. శవం లేకుండానే నమాజు చదివాం. వాడి భార్య రాహిలా తలుపు మూసుకుంది, అన్నం ముట్టలేదు.

దొన్‌మానిక్ జలీల్ పేరు తియ్యలేదు.

"తియ్యవయ్యా, ఊరు నవ్వుతోంది" అన్నాను. ఆ సాయంత్రం ఆమె గుమ్మం ముందు నిలబడి అరిచాడు.

"రాహిలా! నీ మొగుడు ఇవాళ కూడా చివరే. పైగా నా మీద నీళ్లు చిమ్మాడు. కాస్త బుద్ధి చెప్పుకో!"

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "నేను చెబితే ఆయన ఎప్పుడు విన్నాడు, మామా?"

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. అప్పట్నుంచి రోజూ అదే ఫిర్యాదు. కానీ జలీల్ పేరు పెట్టిన డాల్ఫిన్ కూడా ఆ గాలివాన తరవాత కాలువలోకి రానేలేదు. పక్కనే తెడ్డు వేసేవాణ్ణి, నాకు తెలియదా! నన్ను ఈదించిన మనిషి రోజూ నిలువునా అబద్ధం ఆడాడు.

ఇప్పుడు కంటి శుక్లం తీయించుకోవడానికి రాజధాని మాలే వెళ్తూ, ఆ పని నాకప్పగించాడు. నిన్న ఆమె గుమ్మం ముందు గొంతు సవరించుకున్నాను.

"రాహిలా, జలీల్ ఇవాళ అందరికంటే ముందొచ్చాడు."

చేపల చారు గిన్నె దించుతూ నవ్వేసింది. "ముందా? ఆయనా? అబద్ధం ఆడటం నీ వల్ల కాదు బాబాయ్. మామ ఒక్కరోజైనా తడబడలేదు."

"అయితే నీకు..."

"కూర్చో, తిను. మామ ఎప్పుడొస్తాడు?"

"నవంబరు పన్నెండున."