చిత్తూరులో పసుపు నల్లబడిన రోజు

నేను ఆ రోజు చిత్తూరు వెళ్లింది మొక్కు తీర్చుకోవడానికి కాదు, మామిడికాయలు కొనడానికీ కాదు. ఎనభైల్లో తిరుపతిలో ఆఫీసు యంత్రాలు అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఫోటోకాపీ యంత్రం మా చేతికొచ్చి ఆరు నెలలైనా మా వైపు ఒక్కటీ అమ్ముడుపోలేదు. చిత్తూరు కల్యాణ మండపంలో ఆఫీసు యంత్రాల ప్రదర్శన ఉందనీ, అక్కడ ఒక్క ఆర్డరైనా రాకపోతే యంత్రంతోపాటు నన్నూ మద్రాసుకు పిలిపించుకుంటాననీ మేనేజరు ఉత్తరం రాశాడు. మా ఆవిడకు తిరుపతిలో బడిపంతులమ్మ ఉద్యోగం. నేను మద్రాసు వెళితే ఆమె ఒకచోట, నేనొకచోట. అయినా నేను బెదరలేదు. నోరు విప్పితే ఎవరినైనా ఒప్పించగలనని నాకు మహా ధీమా.

మామూలుగా అయితే బస్సులో వెళ్లవచ్చు, రెండు గంటల ప్రయాణం. కానీ డెబ్బై కిలోల యంత్రాన్ని ఏ కండక్టరు ఎక్కించుకుంటాడు? రానూపోనూ రెండొందల యాభైకి ఒక వ్యాను మాట్లాడుకున్నాను. తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరాం. చంద్రగిరి దాటాక డ్రైవరు మునిరత్నం వెనక్కి తిరిగి, దుప్పట్లలో చుట్టిన యంత్రాన్ని చూశాడు.

"ఏంది సామీ అది? పెండ్లికూతురి మాదిరి ముసుగేసి పెట్టినావు."

"కాగితం పెడితే అచ్చం అలాంటిదే ఇంకోటి ఇస్తుంది."

"అట్లయితే మా ఊళ్లో దాని అవసరం శానా ఉండాదిలే. ఒగ కాయితానికి ముగ్గురన్నదమ్ములు కొట్టుకుంటా ఉండారు," అని పకపకా నవ్వాడు. పూతలపట్టులో ఆగి ఇడ్లీలు కారంచట్నీతో లాగించాం. గుంతలున్న చోటల్లా "మెల్లగా, మెల్లగా" అని నేను అరవడం, అతను "నీ పెండ్లికూతురికి ఏమీ కాదులేప్పా" అనడం. ఎనిమిదింటికి చిత్తూరు చేరాం.

మండపంలో టైపు యంత్రాలు, లెక్కల యంత్రాలు వరసగా పెట్టారు. నిర్వాహకులు ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ బొట్లు పెట్టి, పూలమాల వేసి కొబ్బరికాయ కొట్టారు. నా తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పూజ చేసిన వస్తువు కదా, వచ్చినవాళ్లు చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు తప్ప ఒక్కరూ దగ్గరికి రాలేదు. నేను మద్రాసులో నేర్పిన ఉపన్యాసం గడగడా చెప్పాను. కంపెనీవాళ్లిచ్చిన నమూనా కాగితాన్నే పెట్టి, నకలు తీసి గాల్లో ఊపాను. బాగుందన్నట్టు తలలూపి వెళ్లిపోయారు. పదకొండున్నరదాకా ఇదే తంతు. నా గొంతు బొంగురుపోయింది గానీ ఆర్డరు పుస్తకం తెల్లగానే ఉంది.

అప్పుడొచ్చాడు నాగభూషణం, కోర్టు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరి. ఆయన వెంట రాజమ్మ అనే పెద్దావిడ, చంకలో గుడ్డసంచితో ఉంది. ఆవిడ భూమి పత్రం మడతల దగ్గర చిరిగిపోతోందట, నకలు కావాలట. నాగభూషణం నన్ను ఎగాదిగా చూశాడు.

"చేత్తో రాస్తే పొద్దంతా పడుతుందప్పా. నీ మిషను సరిగ్గా తీస్తే నేనే ఒకటి కొంటా. సూపించు."

నా గుండె ఎగిరి గంతేసింది. "ఇలా ఇవ్వమ్మా కాగితం" అని చేయి చాపాను. ఆవిడ గభాల్న సంచిని వెనక్కి లాక్కుంది.

"నేనియ్య. నా సేతిలోంచి ఈ కాయితం పోనియ్య. ఒగసారి ఇచ్చి శానా అగసాట్లు పడినాను."

ఇక్కడ పత్రాన్ని ఎవరూ పరాయి చేతికివ్వరని నాకు తెలియకపోలేదు. తెలిసీ చేయి చాపాను చూడండి, అదీ నా తెలివి! సరేనని పక్కకు జరిగి, అద్దం మీద ఎలా పెట్టాలో, ఏ మీట నొక్కాలో చెప్పాను. ఆవిడ యంత్రానికి దండం పెట్టి, పత్రాన్ని పరిచి, మీట నొక్కింది. జనం చుట్టూ మూగారు. నకలు బయటికి వచ్చింది.

నాలుగు మూలలా నల్లటి మరకలు!

రిజిస్ట్రేషన్ అయిన రోజు ఆ పత్రం మూలలకు పసుపు రాశారు. ఆ యంత్రానికి పసుపంటే నలుపు. నమూనా కాగితం మీద పసుపు ఉండదుగా, నాకా సంగతే తెలియదు. "అయ్యో, పసుపు నల్లబడిందే!" అన్నారెవరో. "అపశకునమప్పా" అన్నారింకొకరు. రాజమ్మ ముఖం పాలిపోయింది. నాగభూషణం తలుపు వైపు తిరిగాడు. ఆర్డరూ పోయింది, తిరుపతీ పోయింది అనుకున్నాను. నా ధీమా అంతా చెమటలై కారిపోయింది.

యంత్రం పక్కన నకలును లేతగానో ముదురుగానో చేసే చక్రం ఒకటుంది. చటుక్కున దాని మీదికి చేయి పోనిచ్చి, ఆగిపోయాను. నేను తిప్పితే ఏదో కనికట్టు చేశానంటారు. ప్రవేశద్వారం దగ్గర పళ్లెంలో ఉన్న పసుపు చిటికెడు తెచ్చి, నా ఆర్డరు పుస్తకం కాగితం మూలకు రాసి అందరి ముందూ నకలు తీశాను. అదీ నల్లగానే వచ్చింది.

"చూశారా? దీని కంటికి పసుపు నలుపుగా కనిపిస్తుంది. శకునం కాదు, కంటి జబ్బు. మందు ఇదిగో, ఈ చక్రం. నువ్వే తిప్పమ్మా."

ఆవిడ కాస్త తిప్పి, పత్రం పెట్టి మళ్లీ మీట నొక్కింది. మరక బూడిదరంగుకు వచ్చింది. ఇంకాస్త తిప్పి నొక్కింది. మూడో నకలులో మూలల్లోని అక్షరాలు బయటపడ్డాయి. రాజమ్మకు చదువు రాదు. నాగభూషణం కళ్లజోడు పెట్టుకుని హద్దులు చదివాడు.

"తూర్పున వంక. దక్షిణాన గోవిందయ్య చేను..."

"పడమట బండిదోవ," అని ఆవిడే అందుకుంది. "ఉత్తరాన మా మరిది బాయి. ఉండాదా?"

"ఉండాదమ్మా, అచ్చంగా ఉండాది."

రాజమ్మ పళ్లెం దగ్గరికి వెళ్లి, పసుపు తడిపి తెచ్చి, ఆ నకలుకు నాలుగు మూలలా తన చేత్తోనే రాసింది. "ఇప్పుడిది కూడా కాయితమే," అని రెండింటినీ సంచిలో పెట్టుకుంది. నాగభూషణం నా ఆర్డరు పుస్తకం లాక్కుని సంతకం పెట్టాడు.

"ఒగ మాట. నా దగ్గరికొచ్చే వాళ్ల కాయితాలు నేను ముట్టను, వాళ్లే పెట్టుకోవల్ల, వాళ్లే నొక్కుకోవల్ల. అది మాత్రం నేర్పించి పో."

తిరుగు దారిలో మునిరత్నం "ఏం సామీ, పెండ్లికూతుర్ని ఒప్పుకున్నారా?" అంటే, ఒప్పుకున్నారన్నాను. నేను మూడు గంటలు మాట్లాడి చేయలేనిది ఆవిడ వేళ్లు పది నిమిషాల్లో చేశాయి. సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరి, మద్రాసు వెళ్లక్కర్లేదని మా ఆవిడకు చెప్పాను. ఆమె నా చొక్కా చేతుల పసుపు మరకలు చూసి, ఏ పెళ్లికి వెళ్లొచ్చారని అడిగింది. మీరు కూడా ఏదైనా యంత్రం పట్టుకుని ఇటువైపు వస్తుంటే ఒక్కటే మాట చెబుతాను: నమూనా కాగితాలు ఇంట్లో వదిలేసి, పసుపు రాసిన పాత కాగితం ఒకటి వెంట తెచ్చుకోండి, మీట దగ్గర మాత్రం మీరు నిలబడకండి.