పోలెట్ హుడాక్ మధ్యాహ్నపు చదువు

ఉక్కు ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది మా లోయలో అప్పున్న ఇళ్ళు చాలావరకు బ్యాంకుల పాలయ్యాయి. అప్పటినుంచి మా వాళ్ళకు అప్పంటే పాముని చూసినట్టే. పోలెట్ హుడాక్‌కు అప్పుడు పదేళ్ళు. ఎదురింటివాళ్ళ మంచాలూ కుర్చీలూ మంచులో రోడ్డు మీదికి తెచ్చి పడేస్తుంటే కిటికీలోంచి చూసింది. వాళ్ళ నాన్న ఆండీ పక్కన నిలబడి, "చేతిలో ఉంటే కొను, లేకపోతే మానుకో. అప్పు జోలికి మాత్రం పోకు" అన్నాడు. ఆ పిల్ల ఆ మాటను మంత్రంలా పట్టుకుంది. చివరికి ఆ మంత్రమే కొంప ముంచింది. తప్పు ఆమెదా అంటే, సగం ఆమెదే. మిగతా సగం ఎవరిదో చెబుతాను.

పోలెట్ ఇరవై మూడో ఏట బడి బస్సు నడపడానికి చేరింది. పెళ్ళి రెండేళ్ళలోనే చెడింది. నాన్న పోయాక తల్లి మిల్లీ దగ్గరే ఉండిపోయింది. మిల్లీకి గుండెకొకటి, షుగరుకొకటి, కీళ్ళకొకటి, నిద్రకొకటి, ఇలా రోజుకు పదకొండు బిళ్ళలు. వారం రోజుల గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బాలో ప్రతి ఆదివారం పోలెటే సర్ది పెట్టేది. ఆ డబ్బా చూసి పక్కింటి స్టష్ తాత తనదీ తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు వచ్చారు. ఆదివారం ప్రార్థనయ్యాక హుడాక్ వాళ్ళ వంటింటి ముందు వరస కట్టడం వీధిలో అలవాటైపోయింది.

"ఏమే డాక్టరమ్మా, ఈ నీలం బిళ్ళ పొద్దున్నా, రాత్రా?" అనేవాడు స్టష్ తాత.

"అది పోయినేడే చచ్చిపోయింది తాతా. సీసా మీద తారీఖు చూడవా?"

"నాకూ తారీఖు దాటిపోయింది. నన్నూ పారేస్తావా?"

"చెత్తబండి మంగళవారం వస్తుంది. తయారుగా ఉండు."

ఒకసారి స్టష్ తాతకు ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు పేర్లతో రాశారు. ఆయన రెండూ మింగుతున్నాడు. పోలెట్ మందులతో పాటు వచ్చిన కాగితాలు చదివి పట్టుకుంది. ఆ సీసాలు రెండూ పట్టుకెళ్ళి వీధి చివర మందుల షాపు కాచ్మర్ గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి ఆమె వంక చూసి, "ఇంకో నెల గడిస్తే ముసలాయన కిడ్నీలు పోయేవి. నువ్వు బస్సు నడుపుతూ ఏం చేస్తున్నావమ్మాయ్?" అన్నాడు.

ఆ మాట పోలెట్ మనసులో పడిపోయింది. మరుసటేడు కాచ్మర్ గారు షాపు మూసేశాడు. కొనేవాళ్ళు లేక కాదు, తన తర్వాత నడిపేవాళ్ళు లేక. ఇక మా వీధి ముసలివాళ్ళు బిళ్ళల కోసం బస్సు మారి, మరో బస్సు మారి, కొండ అవతలికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ చలికాలం ఇద్దరు మందులు తెచ్చుకోవడం మానేశారు. వాళ్ళలో ఒకావిడ వసంతం చూడలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ పోలెట్ అప్పుడు నిర్ణయించుకుంది. ఫార్మసీ చదువుతుంది, కాచ్మర్ గారి షాపు తలుపులు మళ్ళీ తెరుస్తుంది. ఆమె కోరిక అదొక్కటే.

ఫార్మసీ కాలేజీలో సీటు అడగాలన్నా ముందు పద్నాలుగు సబ్జెక్టులు పూర్తి చేసి ఉండాలి. కెమిస్ట్రీలే నాలుగు. మా జిల్లా కాలేజీ గుమాస్తా ఒక అమ్మాయి, మంచిదే పాపం, దారి కూడా చూపించింది.

"మీరు అప్పు తీసుకుని పట్నంలో పూర్తికాలం చదివితే రెండేళ్ళలో అన్నీ అయిపోతాయండీ. వడ్డీ కూడా తక్కువే."

"ఇక్కడ ఒక్కో సబ్జెక్టుకే ఫీజు కట్టుకుంటూ చదివితే?"

"చవకే. కానీ చాలా ఏళ్ళు పడుతుంది."

"ఏళ్ళదేముంది, అవి ఊరికే వస్తాయి" అంది పోలెట్.

ఇంటికెళ్ళి, అప్పు వద్దన్న సంగతి తల్లికి చెప్పింది. మిల్లీ పొయ్యి దగ్గర నిలబడి క్యాబేజీ, నూడుల్సు వెన్నలో వేయిస్తోంది. వెనక్కి తిరగకుండానే, "మంచి పని చేశావ్. మీ నాన్న ఉంటే మెచ్చుకునేవాడు" అంది. ఆ మాటతో పోలెట్‌కు ఇక అనుమానమే లేకపోయింది.

బడి బస్సు ఉద్యోగం రెండు ముక్కలు. పిల్లల్ని దింపడం ఎనిమిదిన్నరకు అయిపోతుంది, మళ్ళీ ఎక్కించుకోవడం రెండింటికి. మధ్యలో ఐదున్నర గంటలు జీతం ఉండదు. మిగతా డ్రైవర్లు ఆ టైములో పేకాడేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు. పోలెట్ ఆ టైములోనే క్లాసుకు పోయేది, వచ్చి బస్సులో ఆఖరి సీటులో కూర్చుని చదివేది. ఊరికే ఇంజను నడిపితే యజమాని ఊరుకోడు కాబట్టి చలికాలం దుప్పటి కప్పుకుని, వేళ్ళ దగ్గర తెగిన చేతి తొడుగులతో లెక్కలు చేసేది. పాత పుస్తకాలే కొనేది. ఒకసారి పాత ముద్రణలో లెక్కల నంబర్లు వేరేగా ఉండి, క్లాసు మొత్తం ఒక లెక్క చేసుకొస్తే ఈమె ఇంకోటి చేసుకెళ్ళింది. మాష్టారు సున్నా వేశాడు. ప్రయోగాల క్లాసులు మధ్యాహ్నాలు. అవి బస్సు వేళకు అడ్డం వచ్చేవి. అందుకని వాటిని ఎండాకాలం సెలవులకు వాయిదా వేసేది. అలా ఏడాదికి ఒకటో రెండో, మహా అయితే మూడు.

మార్కులు మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సగం క్లాసు పారిపోతే, నలభై ఒక్కేళ్ళ ఈ బస్సు డ్రైవరు ఫస్టు వచ్చింది. ఆ రోజు బస్సులో పిల్లలు గోల చేస్తున్నా ఒక్క మాట అనలేదు.

ఎనిమిదో ఏట పద్నాలుగూ పూర్తయ్యాయి. ఒక్క డాలరు అప్పు లేదు. దరఖాస్తు పెట్టింది. ఫిబ్రవరిలో కాలేజీ నుంచి, కాగితాలన్నీ పట్టుకుని వచ్చి కలవమని ఉత్తరం వచ్చింది. మా వీధి దాన్ని సీటుగానే లెక్క కట్టేసింది. మా దగ్గర కేకు లేకుండా పెళ్ళి అవుతుందేమో గాని ఇళ్ళలో కాల్చిన రకరకాల బిస్కట్లు పరిచిన బల్ల లేకుండా ఏ శుభకార్యమూ కాదు. ఇంటికో రకం చొప్పున ఆడవాళ్ళు అప్పుడే కాల్చి ఫ్రీజర్లలో దాచడం మొదలుపెట్టారు. స్టష్ తాత అయితే మూసి ఉన్న షాపు ముందు మంచు కూడా ఎత్తేసి వచ్చాడు.

పోలెట్ ఒక పూట సెలవు పెట్టి, రెండు వంతెనలు, ఒక సొరంగం దాటి నలభై నిమిషాల్లో పట్నంలోని ఫార్మసీ కాలేజీకి చేరింది. ప్రవేశాల ఆఫీసులో ప్రిచర్డ్ అనే ఆవిడ మార్కుల కాగితాలు చూస్తూ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"మీ మార్కులు చూస్తే ముచ్చటేస్తోందండీ. కానీ సైన్సు సబ్జెక్టులు ఏడేళ్ళ లోపువే లెక్కలోకి తీసుకుంటాం. మీ మొదటి రెండు కెమిస్ట్రీలు, బయాలజీ గడువు దాటిపోయాయి."

"దాటిపోవడమేంటి? నాకు ఇప్పటికీ వచ్చు. కావాలంటే అడగండి, ఏదైనా అడగండి."

"మీకు వచ్చని నాకు తెలుసండీ. నియమం అలా ఉంది. ఆ మూడూ మళ్ళీ చదివి రండి."

పోలెట్ వేళ్ళు మడిచి లెక్కేసింది. బస్సు నడుపుతూ, ప్రయోగాలు ఎండాకాలాల్లోనే చేస్తే ఆ మూడింటికి రెండేళ్ళు. ఈలోగా ఆర్గానిక్ కెమిస్ట్రీ గడువు దాటుతుంది. అది మళ్ళీ చదివేలోగా మైక్రోబయాలజీది. ముందు చక్రం గోతిలోంచి ఎక్కితే వెనక చక్రం దిగుతుంది.

"ఈ నియమం ఎక్కడ రాశారు?" అంది.

ప్రిచర్డ్ కంప్యూటరు ఇటు తిప్పి చూపించింది. కింద, చివర, చిన్న అక్షరాల్లో ఉంది. ఎనిమిదేళ్ళ కిందటా ఉందట. పోలెట్ ఆ కాలేజీ వాళ్ళకు ఎన్నిసార్లు ఫోను చేసిందో లెక్కలేదు. ప్రతిసారీ ఖరీదు అడిగింది. గడువు ఒక్కసారీ అడగలేదు. ఊళ్ళోవాళ్ళ ప్రతి సీసా మీద తారీఖు చూసే మనిషి, తన చదువు మీద చూసుకోలేదు. నాకు ఆమె మీద కోపం వస్తుంది, ఏం చేయను, కడుపులోంచి వస్తుంది.

"పూర్తికాలం చదివితే ఒక్క ఏడాదిలో అయిపోతుందండీ. అప్పు ఇప్పిస్తాం" అంది ప్రిచర్డ్.

"నలభై ఏడేళ్ళు నాకు. ఆ ఏడాది, తర్వాత ఇక్కడ నాలుగేళ్ళు. ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాను? ముప్ఫై తొమ్మిదప్పుడైతే తీర్చేదాన్ని" అని లేచింది. రెండింటికి బస్సు ఉంది. వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని, ఎవరింటి దగ్గర వాళ్ళని దింపింది.

ఇంటికొచ్చేసరికి మిల్లీ బల్ల దగ్గర కూర్చుని వాల్‌నట్లు దంచుతోంది, బిస్కట్లలోకి. పోలెట్ కోటు విప్పకుండానే జరిగింది జరిగినట్టు చెప్పింది. మిల్లీ దంచడం ఆపింది.

"నాన్న మాట మీదే నిలబడ్డానమ్మా. అప్పు చెయ్యలేదు. అదే తప్పయింది."

మిల్లీ చేతిలోని బండ పక్కన పెట్టింది. "ఈ ఇల్లు ఎట్లా కొన్నామనుకుంటున్నావే?" అంది.

"నాన్న కూడబెట్టి."

"ఏం కూడబెట్టాడు నా మొహం. పదిహేనేళ్ళ అప్పు. ఫ్యాక్టరీ మూసే ముందు ఏడాది తీరింది. ఎదురింటి సామాను రోడ్డున పడ్డాక మీ నాన్నకు భయం పట్టుకుంది. నీతో ఆ మాట అన్నది ఆ భయంతోనే."

పోలెట్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "మరి ఆ రోజు నేను అప్పు వద్దన్నానని చెబితే మంచి పని అన్నావేం?"

"అది తప్పని చెబితే నువ్వు అప్పు తీసుకుందువు. తీసుకుని పట్నం పోదువు. పోయినవాళ్ళు ఎవరే తిరిగొచ్చింది ఈ వీధికి? నేనొక్కదాన్నీ ఎట్లా ఉందును?" మిల్లీ వాల్‌నట్ల పొడిని చేత్తో కుప్ప చేసింది. "తప్పు చేశానే. తెలిసే చేశాను."

"నేనెక్కడికీ పోయేదాన్ని కాదమ్మా. ఆ కాలేజీ ఇక్కడికి నలభై నిమిషాలు. రోజూ చీకటి పడకముందే ఇంటికొచ్చేదాన్ని."

మిల్లీ తలెత్తింది. ఎనభై ఏళ్ళలో ఆవిడ ఆ రెండో వంతెన దాటింది లేదు.

"నలభై నిమిషాలేనా?" అంది.

పోలెట్ తలూపింది.

"నలభై నిమిషాలేనా తల్లీ?" అని మిల్లీ మళ్ళీ అడిగింది.

అప్పుడు పోలెట్ ఏడ్చింది. కోటు విప్పకుండా, అలా నిలబడే ఏడ్చింది.