బయట నిలబడి విన్న మనిషి

మా మేనమామ ఇక లేడు. పోయిన సోమవారం మధ్యాహ్నం మహబూబాబాద్‌లో మా కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అత్తమ్మ ఫోను చేసింది. "బిడ్డా, మీ మామ గింత అన్నం తిని అట్లనే మంచంల ఒరిగిండు. పిలిస్తే పలుకుతలేడు" అంది. ఆమె వెనక ఎవరో "ఇగ దవాఖానకు తీస్కపోయినా ఏం లేదక్కా" అంటున్నారు. అత్తమ్మకు ఆ మాట ఇంకా చేరలేదు. నాకు చేరింది. ఆ ఒక్క నిమిషం ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

జనగామ బస్టాండు దారిలో ముప్పై ఏళ్లకు పైగా కార్లలో స్పీకర్లు బిగించిన మనిషి మామ. క్యాసెట్లు పోయి ఎంత కాలమైనా ఊళ్లో ఆయన్ని "టేపుల షాపాయన" అనే పిలిచారు. చివరి ప్రయాణానికి మైకు పెట్టిద్దామని ఎవరో అంటే, అంత ఏడుపులోనూ అత్తమ్మ వద్దంది. "వద్దయ్యా. మధ్యల లేసి బేసు తగ్గియ్యమంటడు." ఏడుస్తున్నవాళ్లం నవ్వాం. నవ్వినందుకు మళ్లీ ఏడ్చాం.

ఆయన్ని చివరిసారి తీరిగ్గా చూసింది ఆరునెలల కింద, నేను కారు కొన్నప్పుడు. కంపెనీలోనే మామూలువి తీసేసి మేలు రకం స్పీకర్లు, ఆంప్లిఫయర్ బిగించి ఇచ్చే కారు అది. మామ ఉండగా కంపెనీ సౌండు కొనుక్కున్నానని లోపల కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా నేరుగా షాపుకే తీసుకుపోయాను. ఆయనకు అలాంటి పట్టింపులు లేవు. చెప్పులు బయట విడిచి, తిన్నగా వెనక సీట్లో కూర్చున్నాడు. ఏ కారైనా అంతే. "ముందట కూసున్నోడు మంచిగుందనే అంటడు, కొన్నది వాడే గద. ఎన్కాల కూసున్నోన్ని అడగాలె" అనేవాడు.

పాట పెట్టబోతే వద్దన్నాడు. వార్తలు చదివే గొంతు పెట్టించుకున్నాడు. సౌండు బాగా తగ్గించాడు. తక్కువలో తెలియని మంచీచెడూ ఎక్కువలో అసలే తెలియదని ఆయన నమ్మకం. అప్పటికే ఒక చెవి సరిగా వినపడటం లేదు. ఒప్పుకునేవాడు కాదు గానీ, రెండో చెవిని మెల్లగా స్పీకరు వైపు తిప్పుకోవడం నేను చూశాను. నాలుగు సీట్లూ మారి కూర్చున్నాడు. తలుపు మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టాడు.

"తలుపులల్ల రేకు మోగుతలేదు. మంచిగ మందం జేసిండు. సౌండు పెంచినకొద్ది బేసు తగ్గుతుంది జూసినవా? స్పీకరు పలగకుంట కంపెనీవోడు లోపట్నే పగ్గమేసిండు. పని జేసిండు, అవద్ధమెందుకు."

"అయితే బాగున్నట్టేనా మామా?"

"మంచిగున్నది" అని కారు దిగి చెప్పులు వేసుకున్నాడు. "లోపల కూసున్నోళ్లకు."

అది మెచ్చుకోలో, దెప్పో తెలియక మహబూబాబాద్ దాకా ఆలోచిస్తూనే నడిపాను. ప్రతిదాన్నీ అలా తిరగేసి చూసుకునే జబ్బు నాకు మొదటినుంచీ ఉంది. ఆ మాట ఆయన ఏళ్ల కిందే ఒకసారి నా ముందు అన్నాడని ఇల్లు చేరాక గానీ గుర్తు రాలేదు.

అది ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న కాలం. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరే జిల్లాలు కావు, మూడూ వరంగల్ కిందే ఉండేవి. నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టి, సగంలో ఆగిపోయి ఉన్నాను. దూరపు నగరంలో ఒక సదస్సులో పత్రం చదువుతుంటే నా యాసకు ముందు వరుసలో ఇద్దరు ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. అంతే జరిగింది. చెప్పుకుంటే చాలా చిన్న విషయం. కానీ ఆ తర్వాత నలుగురిలో నా నోరు పెగల్లేదు. తప్పనిసరైతే పుస్తకాల భాష అడ్డం పెట్టుకుని మాట్లాడేదాన్ని. చదువే మానేస్తే మాట్లాడే పని ఉండదు కదా అని కూడా అనుకుంటున్నాను.

అప్పుడే మా దగ్గర రోడ్ల మీద వంటావార్పులు మొదలయ్యాయి. బండ్లు ఆపి, రోడ్డు మధ్యలోనే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడం. మొదట మహబూబాబాద్‌లో, మర్నాడు భూపాలపల్లిలో. మగవాళ్లు ఎలాగూ వస్తారు, ఇళ్లలోంచి ఆడవాళ్లు కదిలి వస్తేనే అది వంటావార్పు అవుతుందని ఉద్యమ కమిటీ పట్టుదల. మైకులకు అనుమతి లేదు. జనగామలో ఒక డాక్టరమ్మ తన కొత్త కారు ఇచ్చింది. కంపెనీ నుంచే పెద్ద సౌండుతో వచ్చిన కారు. కారులో సౌండు పెట్టుకోవద్దని ఎవరంటారు? ఆమె షరతు ఒక్కటే. "ఒక్క వైరు కోసినా వారంటీ పోతుంది. ఏం జేస్తరో, కోయకుండ జెయ్యండి."

"కోయకుండనే జేస్త" అన్నాడు మామ.

పిలుపు చెప్పడానికి ఆడగొంతు కావాలన్నప్పుడు నన్నడక్కుండానే నా పేరు ఇచ్చేశాడు. నాకు రాదని మూడుసార్లు చెప్పాను.

"రాందేముంది? రోడ్డు మీద అన్నం వండుకుందాం రండ్రి అని చెప్పాలె. దానికి గూడ డాక్టరేటు గావాల్నా?"

చివరికి కాగితం మీద రాసుకుని, సెల్‌ఫోనులో రికార్డు చేసి ఇచ్చాను. "మహిళామణులందరూ అధిక సంఖ్యలో విచ్చేసి కార్యక్రమాన్ని జయప్రదం చేయవలసిందిగా మనవి." ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మహబూబాబాద్‌కు ముగ్గురం వెళ్లాం. మామ నడుపుతున్నాడు, పక్కన కమిటీ తరఫున ఒక స్కూలు సారు, వెనక నేను. ఫోనును వైరుతో కారుకు కలిపి, వీధుల్లో మెల్లగా తిప్పుతూ నా గొంతు పెట్టాం. ఆ సీట్లో కూర్చుని వింటుంటే అది నా గొంతేనని నాకే నమ్మకం కలగలేదు. గంభీరంగా, మెత్తగా, ఎవరిదో పెద్దింటి గొంతులా ఉంది. సారు మురిసిపోయాడు. "అబ్బ! అచ్చం రేడియోల వచ్చినట్టే ఉన్నది గద!"

రెండు గంటలు తిరిగాం. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అంగడికి వచ్చిన ఒక తండా అక్క కారుకు అడ్డం వచ్చి అద్దం దించమని సైగ చేసింది. నా గుండె పొంగింది.

"ఏందమ్మా, కరెంటు బిల్లు కట్టుటానికి ఇయ్యాల్నే ఆఖరా?"

సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను సీట్లో కుంచించుకుపోయాను. మామ మాత్రం నవ్వలేదు. కారు పక్కకు ఆపి, అద్దాలు ఎత్తి, నా గొంతు మోగుతుండగానే దిగి తలుపు వేశాడు. చుట్టూ మూడుసార్లు తిరిగి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"బయటికి దుమ్ దుమ్మనుడు తప్ప ఏం వస్తలేదు సారూ. మాట లోపట్నే ఉంటుంది. కంపెనీవోడు లోపల కూసున్నోళ్ల కోసం జేసిండు దీన్ని. మనం లోపల కూసోని మంచిగుంది, మంచిగుంది అని ఊకుంటున్నం."

"అద్దాలు దించుదాం, డప్పు పాట పెడదాం. జనం వాళ్లే ఉరుకొస్తరు" అన్నాడు సారు.

"పాటకు మొగోళ్లొస్తరు, ఎగరనీకి. పొయ్యి కాడి ఆడామె రావాల్నంటే పిలువాలె."

తర్వాత అద్దంలోంచి నా వైపు చూశాడు. "సౌండు తప్పు నాది. నేను జూస్కుంట. గని గింత మంచి సౌండు డబ్బల మాట్లాడేది ఎవలు బిడ్డా? నువ్వేనా?"

నేను చెయ్యి చాపి ఫోనులో మోగుతున్న నా గొంతు ఆపేశాను.

"మంచి సౌండు ఏదీ దాపెట్టది. గొంతుల బుగులుంటే గా భయమే ఇనిపిస్తది."

"అయితే ఇంకెవరితోనైనా చెప్పించుకోండి" అన్నాను రోషంగా.

"చెప్పియ్య. నువ్వే చెప్తవు."

మర్నాడు భూపాలపల్లి బయలుదేరేముందు మామ కారు పని పట్టాడు. ఒక్క వైరు ముట్టుకోలేదు. కారు తెర మీది సెట్టింగుల్లో దుమ్ దుమ్మనే బేసు అడుగు దాకా దించాడు, మాట పలికే నడిమి సౌండు ఎత్తాడు. నంబరు ప్లేటు గడగడలాడుతుంటే సైకిలు ట్యూబు ముక్క కోసి దాని వెనక దోపాడు. లోపల కూర్చున్న సారు చెవులు మూసుకున్నాడు.

"ఏందిది, రేకుడబ్బ మోగినట్టు! లక్షల కారును ఆగం జేసినవు గదనే!"

"దిగి ఇను సారూ."

సారు దిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "మాట తెలుస్తుంది" అన్నాడు, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

దారిలో రేగొండ ఊరు ఇంకా రాలేదు. పత్తిచేల పక్కన మామ కారు ఆపాడు. "నాలుగద్దాలు మూసుకో. బయటి సప్పుడు లోపలికి రాకుంట కట్టిండు కంపెనీవోడు. మనకు పుణ్యానికి స్టూడియో" అని నన్ను లోపల ఉంచి, సారును తీసుకుని దిగిపోయాడు. ఏసీ ఆపేశాం, దాని చప్పుడు పడకూడదని. నేను కాగితం విప్పి మొదలుపెట్టానో లేదో అద్దం మీద తట్టాడు. తలుపు తీస్తే చెయ్యి చాపాడు. కాగితం ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో వేసుకున్నాడు.

"మీ అత్త పక్కింటామెను పిలిచినట్టు పిలువు. గంతే."

లోపల కొలిమిలా ఉంది. చెమట కళ్లలోకి కారుతోంది. ఇద్దరూ నాకు వీపు పెట్టి చేను వైపు తిరిగి నిలబడ్డారు. ఆ ముందు వరుస నవ్వులు వచ్చి నా ఎదుట కూర్చున్నాయి. తలుపు తీసుకుని దిగిపోదామనే అనుకున్నాను. ఆ రెండు వీపులూ కదల్లేదు. ఎంతసేపైనా కదిలేట్టు లేవు. ఎప్పుడు నొక్కానో రికార్డు బటను, నొక్కాను.

"ఓ అక్కా, ఓ చెల్లే, ఓ అవ్వా. ఇయ్యాల ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి. రోడ్డు మీద ముట్టిద్దాం. గుప్పెడు బియ్యం, ఓ కట్టెపుల్ల వట్టుకొని రండ్రి. మన రాష్ట్రం మనమడుగుతున్నం, సిగ్గేంది? ఉప్పు నేను దెచ్చిన."

ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. నోటికి వచ్చింది. మామ వెనక సీట్లో కూర్చుని, సౌండు తగ్గించి, ఒక్కసారే విన్నాడు.

"సారూ, రేగొండల ఉప్పు కొనాలె."

"ఉప్పెందుకే?"

"తెచ్చిన అన్నది గద. అన్నంక తేవొద్దా?"

ఉప్పు సంచి నా కాళ్ల దగ్గర పెట్టుకుని భూపాలపల్లి చేరాం. గని కార్మికుల క్వార్టర్ల మధ్య వీధిలో మామ కారు నిలిపి, సంచితో సహా నన్ను దింపి, నాలుగు తలుపులూ, వెనక డిక్కీ బార్లా తెరిచాడు. ఒక పోలీసాయన లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"మైకు బంద్ జెయ్యి."

"మైకేడుంది సార్? కారు."

"మరి గా సప్పుడేంది?"

"కంపెనీ ఇచ్చిందే సార్. ఒక్క వైరు గూడ మనం పెట్టింది గాదు. సూస్కోండ్రి."

ఆయన నిజంగానే వంగి డిక్కీలోకి చూశాడు. అంతలో నా గొంతు మళ్లీ మొదలైంది. నా చెవులకు అది పచ్చిగా, గరుగ్గా, వణుకుతూ వినిపించింది. దాన్ని మెత్తన చేసే బేసు ఏమీ మిగల్లేదు. పారిపోవాలనిపించింది. ఒక తలుపు తెరుచుకుంది. ఒక అవ్వ చేటతో బయటికి వచ్చి, కారులోకి తొంగి చూసి, ఎవరూ లేకపోయినా కారుకే జవాబు చెప్పింది. "అరువకే బిడ్డా, వస్తున్న. బియ్యం కడుక్కోనియ్యవా?" ఆమె వెనక ఇంకొకామె, చంకలో కట్టెలు. ఎదుటి వరుసలోంచి నలుగురు. ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుని గట్టిగా అడిగింది. "ఉప్పు తెచ్చినామె ఎవలే? ఎక్కడుంది?"

సంచి ఎత్తుకుని నేనే ముందుకు నడిచాను.

ఆ తర్వాత పరిశోధన పూర్తి చేశాను. ఇవాళ క్లాసులో మా మాటతోనే పాఠం చెబుతాను. ఇదంతా ఆయన వల్లేనా, ఏదో ఒక రోజు నేనే తేరుకునేదాన్నా? ఆయన పోయిన ఈ వారం అంతా అదే తర్కించుకుంటున్నాను. తేలలేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ రోజు తొమ్మిది పొయ్యిలు రాజుకున్నాయి. ఎసరు పొంగుతుంటే తిరిగి చూశాను, మామ ఎక్కడా అని.

రోడ్డు మీద కారుకు ఎదురుగా నిలబడి, మెల్లగా వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒక్కో అడుగుకు ఆగి తల వంచి వింటున్నాడు. మాట ఎక్కడిదాకా పోతుందో కొలుస్తున్నాడన్నమాట. మాట ఆగిన చోట ఆయనా ఆగాలి. చౌరస్తా దాటాడు, చివరి క్వార్టరు దాటాడు. తెల్లంగీ చిన్నదై, చెయ్యంతై, చిటికెన వేలంతైంది. ఆయన ఇంకా ఆగలేదు.